డల్లాస్ దాకా 16 గంటలు: మేం కూర్చున్న నాలుగు సీట్ల సంగతి

"సీటు ఏదైతే ఏం సార్, అందరూ ఒకేసారి దిగుతారు కదా" అన్నాడు 2019లో మాకు టికెట్లు తీసిన కుర్రాడు. నేనూ సరే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా విశాఖపట్నం అక్కయ్యపాలెంలో కార్లకు సీటు కవర్లు కుడుతూ, కుంగిపోయిన ఫోము మారుస్తూ బతుకుతున్నవాణ్ణి. సీటు సరిగ్గా లేకపోతే నడుము ఏమవుతుందో నా షాపుకు వచ్చే ట్యాక్సీ డ్రైవర్లు రోజూ చెబుతూనే ఉంటారు. అయినా విమానంలో కూడా సీటు చూసుకుని ఎంచుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ తప్పు ఫలితాన్ని నాకంటే నా భార్య ఎక్కువ అనుభవించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఇప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చాం. విశాఖ నుంచి హైదరాబాద్‌కు గంట పైచిలుకు, అక్కడి నుంచి గల్ఫ్‌కు నాలుగు గంటలు. ఈ రెండింటికీ ఏ సీటు దొరికినా నాకు అభ్యంతరం లేదు, వాటికి డబ్బు పెట్టకండి. అసలు ప్రయాణం ఆ తర్వాతిది, వెళ్లేటప్పుడు దాదాపు 16 గంటలు, వచ్చేటప్పుడు కాస్త తక్కువ. రెండు రాకపోకలకు కలిపి అలాంటివి నాలుగు చేశాం. నాలుగూ బోయింగ్ 777 విమానాలే, నాలుగుసార్లూ నాలుగు రకాల సీట్లు.

మొదటిసారి సీట్లు ఎంచుకోలేదు కాబట్టి యంత్రం ఇచ్చినచోట కూర్చున్నాం. ఆ విమానంలో వరుసకు 10 సీట్లు: కిటికీ పక్క మూడు, మధ్యలో నాలుగు, అటు పక్క మూడు. నాకు మధ్య నాలుగులో లోపలి సీటు వచ్చింది. నా భార్యకు ఏడు వరుసల ముందు కిటికీ సీటు. కిటికీ కదా అని మొదట సంతోషించింది. ఆమె పక్కన ఇద్దరు అపరిచితులు, ఇద్దరూ భోజనం అవగానే దుప్పటి కప్పుకుని నిద్రపోయారు. వాళ్లను లేపడం ఇష్టంలేక ఆమె తొమ్మిది గంటలు లేవలేదు. లేవాల్సి వస్తుందేమోనని నీళ్లు కూడా తాగలేదు. నేను రెండుసార్లు వెళ్లి పలకరిస్తే "నాకేం ఇబ్బంది లేదండీ, మీరు పడుకోండి" అంది. డల్లాస్‌లో దిగేసరికి పాదాలు పొంగి, చెప్పుల పట్టీలోకి వేళ్లు దూరలేదు. విమానంలో ఇచ్చిన పలుచని మేజోళ్లతోనే ఇమ్మిగ్రేషన్ క్యూలో నిలబడింది. బయట మా అమ్మాయి మొదట చూసింది వాళ్లమ్మ ముఖం కాదు, పాదాలు.

వాపు రెండు రోజుల్లో తగ్గింది. కానీ విషయం చిన్నదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. విమానమే కాదు, బస్సయినా రైలయినా అంతే. ఆ రెట్టింపు కూడా సుమారు 6,000 మందిలో ఒకరికి వచ్చే ముప్పే, కాబట్టి భయపడి ప్రయాణం మానుకోనక్కర్లేదు. కానీ లేచి నడవడానికి వీలైన సీటు, వీలుకాని సీటు మధ్య తేడా ఎంత ముఖ్యమో నాకు అప్పుడు తెలిసింది. టికెట్లు తీసిన కుర్రాడికీ ఆ మాటే చెప్పాను. అందరూ ఒకేసారి దిగుతారు, నిజమే, అయితే అందరూ ఒకేలా దిగరు.

తిరుగు ప్రయాణానికి మా అమ్మాయి పట్టుబట్టి, కాళ్లు చాపుకోవడానికి ఎక్కువ చోటుండే సీట్లు కొంది. ఇద్దరికీ కలిపి 20 వేల రూపాయల దాకా అయింది. ఎదురుగా గోడ ఉండే మొదటి వరుస. నేను షాపు అలవాటు కొద్దీ జేబులో టేపు పెట్టుకుని ఎక్కాను, అన్నీ కొలిచాను. కూర్చోగానే నాకు బాగానే అనిపించింది. మా పక్క కుర్రాడు ఆరడుగుల పైన ఉంటాడు, కాళ్లు బారచాపి హాయిగా పడుకున్నాడు. కానీ నా భార్య ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. నేల నుంచి సీటు ముందు అంచు దాకా కొలిస్తే 18 అంగుళాలు. ఆమె మడమ నుంచి మోకాలి మడత దాకా 15. అంటే పాదాలు నేలకు ఆనవు.

ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. సీటు కుట్టేవాడి పనితనమంతా ముందు అంచులోనే తెలుస్తుంది. ఫోమును ఆ అంచు దగ్గర గుండ్రంగా కిందికి దింపాలి. చతురస్రంగా కోసి వదిలేస్తే, కూర్చున్నవారి తొడ కింద, మోకాలి మడత వెనక అది కర్రలా ఒత్తుతుంది. పాదం నేలమీద గట్టిగా ఆనితే బరువు కొంత పాదం మోస్తుంది. గాల్లో వేలాడితే మొత్తం కాలి బరువు ఆ అంచుమీదే పడుతుంది. ఎంత మంచి ఫోము వేసినా వేలాడే కాలికి అది ఉరితాడే. పొట్టిగా ఉన్న డ్రైవరు వస్తే నేను సీటు ముందు భాగంలో అర అంగుళం ఫోము తగ్గించి కుడతాను. విమానంలో అలా ఎవరు కుడతారు? మామూలు వరుసలో అయితే ముందు సీటు కింద పెట్టుకున్న బ్యాగును దగ్గరికి లాక్కుని దానిమీద పాదాలు పెట్టుకోవచ్చు. గోడ ముందు వరుసలో ముందు సీటే లేదు కదా, బ్యాగులన్నీ పైనున్న అరలో పెట్టించేశారు. విమానం ఎగిరాక రెండు దుప్పట్లు మడిచి కాళ్ల కింద పెట్టాను, జారిపోయాయి.

ఇంకొన్ని లోపాలు. ఆ వరుసలో భోజనం ట్రే, చూసే తెర ఆర్మ్‌రెస్ట్‌లోనే దాచి ఉంటాయి, కాబట్టి ఆర్మ్‌రెస్ట్ లావుగా, పైకి లేవకుండా ఉంటుంది. నా టేపు ప్రకారం కూర్చునే చోటు పక్క వరుసలకంటే అర అంగుళానికి పైగా తక్కువ. పసిపిల్లల ఉయ్యాల తగిలించేది కూడా ఆ గోడకే. ఆ రాత్రి ఇద్దరు పసివాళ్లున్నారు, పాపం వాళ్ల తల్లులకు ఒక్క కునుకు లేదు. అత్యవసర ద్వారం దగ్గరి వరుస కూడా ఇలాంటిదే. అక్కడ కాళ్లకు చోటు ఇంకా ఎక్కువ, చలీ ఎక్కువే. ద్వారం పక్కనే ఉన్న సీటుకు తలుపు ఉబ్బు అడ్డం వస్తుంది. పైగా అవసరమైతే తలుపు తీయడానికి సాయపడగలిగినవారినే అక్కడ కూర్చోనిస్తారు. మీరు ఆరడుగుల మనిషైతే, మోకాళ్లు ముందు సీటుకు గుద్దుకుంటుంటే ఆ డబ్బు పెట్టండి, దానికి తగ్గ సుఖం ఉంది. ఐదడుగులకు అటూ ఇటూ ఉన్న మన అమ్మలకు, అత్తలకు మాత్రం ఆ సీటు కొనకండి. ప్రేమతో కొని బాధ పెట్టినట్టవుతుంది. మా అమ్మాయికి ఈ మాట నేను ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

2024లో మళ్లీ వెళ్లేముందు మాత్రం నెలరోజులు దీనిమీదే కూర్చున్నాను. మా తమ్ముడి కొడుకు ఏరోలోపా అనే సైటు చూపించాడు. ఒక్కో సంస్థ ఒక్కో విమానంలో సీట్లు ఎలా అమర్చిందో కొలతకు తగ్గట్టు గీసిన పటాలు అందులో ఉంటాయి. కిటికీ లేని కిటికీ సీటు ఏదో, మరుగుదొడ్డి ఎక్కడుందో, గోడ ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. గీతలు గీసేవాళ్లకు ఆ పని మీద ఎంత గౌరవం ఉందో పటం చూస్తే తెలుస్తుంది. కారు సీటుకు నమూనా కాగితం కోసే నాకు అది చూస్తుంటే ముచ్చటేసింది.

విమానం రకం చూడకుండా టికెట్టు కొనడం, కారు ఏదో చెప్పకుండా సీటు కవరు కుట్టమనడం లాంటిది. 777లు 1995లో తొలిసారి ప్రయాణికులతో ఎగిరినప్పుడు చాలా సంస్థలు వరుసకు 9 సీట్లే వేశాయి. ఇప్పుడు ఎక్కువ సంస్థలు అదే వెడల్పులో 10 వేస్తున్నాయి, ఒక్కో సీటు 17 అంగుళాలకు వచ్చింది. బోయింగ్ 787లో వరుసకు 9, అక్కడా 17 పైచిలుకే. ఎయిర్‌బస్ ఏ350లో 9 సీట్లు వేస్తే దాదాపు 18 అంగుళాలు. ఏ330లో రెండు, నాలుగు, రెండు. రెండంతస్తుల ఏ380లో పై అంతస్తులో కూడా అలాగే రెండు, నాలుగు, రెండు వేస్తారు. ఒక్క అంగుళమే కదా అంటారేమో. నా షాపులో వెడల్పు ఒక అంగుళం తగ్గించి కుడితే ఆ కారు మరుసటి రోజే తిరిగి వస్తుంది. భుజం పక్కవాడి భుజానికి తగులుతుందా లేదా అన్నది ఆ అంగుళమే తేల్చేస్తుంది.

787, ఏ350లలో ఇంకో మేలుంది. ఎగురుతున్న విమానంలో లోపలి గాలి మనం నేలమీద పీల్చేటంత చిక్కగా ఉండదు. పాత రకాల్లో అది దాదాపు 2,400 మీటర్ల ఎత్తు కొండమీది గాలితో సమానం కావచ్చు. ఈ రెండింటిలో 1,800 మీటర్ల దగ్గర ఉంచుతారు. మన అరకు 900 మీటర్లుంటుందని గుర్తు తెచ్చుకుంటే తేడా అర్థమవుతుంది. తలనొప్పి, గొంతు ఎండడం తక్కువని అంటారు. నేను వాటిలో ఇంతవరకు ఎక్కలేదు.

కాళ్ల దగ్గరి చోటు గురించి సంస్థలు చెప్పే లెక్క మరొకటి. 31 లేదా 32 అంగుళాలు అని రాస్తారు. అది మీ మోకాళ్లకు దొరికే చోటు కాదు. ఒక సీటు మీద ఒక బిందువు నుంచి వెనక సీటు మీద అదే బిందువు దాకా దూరం. వీపు ఆనే భాగం మందం కూడా అందులోనే పోతుంది. మందం తగ్గించి పలుచగా చేసిన కొత్త సీట్లలో అదే 31 అంగుళాలకు మోకాలికి ఎక్కువ చోటొస్తుంది, కానీ కింది ఫోము కూడా పలుచనై ఆరు గంటల తర్వాత తుంటి ఎముక తగులుతుంది. అలాగని విమానం సీటు కుట్టేవాళ్లను తప్పు పట్టను. వాళ్ల కష్టం వేరు. సీటు ఫోము మంటకు త్వరగా అంటుకోకూడదని అమెరికా విమానయాన శాఖ 1984లో నియమం పెట్టింది, అందుకే గుడ్డకూ ఫోముకూ మధ్య మంటను ఆపే పొర వేస్తారు. 1988 నియమం ప్రకారం కొత్త నమూనా విమానాల సీట్లు గురుత్వాకర్షణకు 16 రెట్ల తాకిడి పరీక్షకు నిలవాలి. బరువు పెరగకూడదు, కాలకూడదు, విరగకూడదు. ఆ సీటును చేత్తో తడిమి, కుట్టు వెంబడి బొటనవేలు పోనిచ్చి చూశాను. ఒక్క కుట్టు కూడా వదులు లేదు. గౌరవం కలిగింది.

మూడో ప్రయాణానికి మధ్య నాలుగు సీట్లలో రెండు తీసుకున్నాను: నడవ పక్కది నాకు, దాని లోపలిది నా భార్యకు. దీని వెనక లెక్క చాలా సులువు. కిటికీ వైపు మూడు సీట్లలో నడవ సీటు మీదైతే, లోపలున్న ఇద్దరూ మిమ్మల్ని లేపే బయటికి వెళ్లాలి. మధ్య నాలుగులో అయితే ఇటు ఇద్దరు ఇటు, అటు ఇద్దరు అటు. మిమ్మల్ని లేపేది ఒక్కరే, ఆ ఒక్కరూ మీ మనిషైతే మొహమాటమే లేదు. ఒంటరిగా వెళ్లేవారికి కూడా ఆ నడవ సీటే మంచిదని నా గట్టి అభిప్రాయం. రెక్కల దగ్గరి వరుస చూసి తీసుకున్నాను. ఊగుడు బల్లకు మధ్యలో కూర్చున్నవాడికి ఊపు తక్కువ కదా, విమానానికీ అంతే. రెక్కల వెనక ఇంజన్ల హోరు ఎక్కువ, ముందుకు పోయే కొద్దీ తగ్గుతుంది.

వారం ముందు ఆ సంస్థ విమానాన్ని మార్చింది. మా సీట్లు ఎగిరిపోయి ఇద్దరం మళ్లీ వేర్వేరు చోట్ల పడ్డాం. ఒక్క కబురు లేదు. నాకు అలవాటుగా రెండు రోజులకోసారి టికెట్టు తెరిచి చూసుకోవడం వల్ల తెలిసింది. ఫోను చేసి, నలభై నిమిషాలు ఎదురుచూసి, డబ్బు కట్టిన సీట్లకు సమానమైనవి తీసుకున్నాం. ఎంచుకున్నాం కదా అని వదిలేయకండి. డబ్బు పెట్టకూడదనుకున్నవారు ఆన్‌లైన్ చెక్ ఇన్ తెరిచే సమయం చూసుకోండి. కొన్ని సంస్థలు 48 గంటల ముందు, కొన్ని 24 గంటల ముందు తెరుస్తాయి. ఆ నిమిషానికే కూర్చుంటే మిగిలిన సీట్లలో మంచివి ఉచితంగా దొరుకుతాయి.

ఆ ప్రయాణం బాగా జరిగింది. గంటన్నరకోసారి ఆమె నా మోకాలు తట్టేది, నేను లేచేవాణ్ణి, ఇద్దరం నడవలో వెనకదాకా నడిచి వచ్చేవాళ్లం. బ్యాగు మీద పాదాలు పెట్టుకుంది. నా ముందు సీటు కింద మాత్రం తెరకు సంబంధించిన ఇనప పెట్టె ఉండి ఎడమ కాలు చాపనివ్వలేదు. ఇది పటంలో తెలియదు, ఎక్కాకే తెలుస్తుంది. భోజనం బండి వచ్చినప్పుడల్లా నా మోచేయి తగిలింది. తల ఆనించే చోట రెండు పక్కలా చెవుల్లా ఉండే భాగాలను ముందుకు వంచవచ్చని మా పక్కన కూర్చున్న మలయాళీ నర్సు చూపించింది. అంతవరకు మెడ వాలిపోతూ కూర్చున్నవాళ్లం, అప్పటినుంచి నిద్రపట్టింది. పైకి లాగి, అంచులు మీ చెంపలకు తగిలేలా వంచండి. చాలామందికి తెలియదు.

నాలుగోది, నా దృష్టిలో దంపతులకు అన్నిటికంటే మంచిది: తోక దగ్గరి రెండు సీట్ల వరుస. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా పెట్టిన పాత నౌకాదళ విమానం టీయూ-142ను చూసే ఉంటారు. పక్కనుంచి చూస్తే ఆ ఒళ్లు తోకవైపు ఎలా సన్నబడుతుందో తెలుస్తుంది. ప్రయాణికుల విమానమూ అంతే. అక్కడ మూడు సీట్లు పట్టవు కాబట్టి 10 సీట్ల 777లలో చాలావాటిలో చివరి రెండు మూడు వరుసల్లో పక్కలకు రెండే వేస్తారు. ఎక్కువమంది వెనక సీట్లంటే ముఖం తిప్పుకుంటారు, అందుకే అవి ఆలస్యంగా నిండుతాయి. కిటికీ ఉంది, నడవ ఉంది, మధ్యలో మూడో మనిషి లేడు. ఆర్మ్‌రెస్ట్ పైకెత్తితే 34 అంగుళాల పైన చోటు, అంతా మాదే. కిటికీ సీటుకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. అందులో నీళ్ల సీసా, మందుల సంచి, మడిచిన శాలువ పెట్టింది. కాసేపు బ్యాగు మీద, కాసేపు నా తొడ మీద పాదాలు పెట్టుకుని పడుకుంది. ప్రయాణమంతా ఒక్కసారి కూడా ఎవరినీ "కాస్త లేస్తారా" అని అడగలేదు.

లోపాలు ఉన్నాయి. కుదుపులు వచ్చినప్పుడు తోక పక్కకు ఊగుతుంది, వాంతి వచ్చే స్వభావం ఉన్నవారికి కష్టం. అన్నిటికంటే చివరి వరుస వద్దు, కొన్నిటిలో వీపు వెనక్కి వాలదు, మరుగుదొడ్డి తలుపు చప్పుడు రాత్రంతా వినిపిస్తుంది. రెండు సీట్ల వరుసల్లో మొదటిది తీసుకుంటే ముందు మూడు సీట్లు, వెనక రెండు కావడంతో వరసలు కలవవు, నడవ సీటులో ఉన్న నాకు ముందు సీటు ఇనప కాలు అడ్డొచ్చింది. నేను సర్దుకున్నాను. భోజనం బండి వెనకదాకా వచ్చేసరికి ఒక రకమే మిగులుతుందని భయపెట్టారు. మేం శాకాహార భోజనం ముందే చెప్పి పెట్టుకున్నాం. అలా చెప్పుకున్నవారికి అందరికంటే ముందు తెచ్చి ఇస్తారు. చివరగా దిగాలి, ఇరవై నిమిషాలు పోతుంది. తర్వాతి విమానానికి గంటన్నర కూడా లేకపోతే తోక సీటు తీసుకోకండి. మాకు గల్ఫ్‌లో మూడు గంటలు, హైదరాబాద్‌లో నాలుగు గంటలు వ్యవధి ఉంది.

విశాఖలో దిగినప్పుడు ఆమె డల్లాస్‌లో వేసుకున్న చెప్పులతోనే నడిచి బయటికి వచ్చింది. మరుసటి తెల్లవారుజామున నిద్రపట్టక ఇద్దరం బీచ్ రోడ్డుకు వెళ్లాం. వాహనాలు ఆపేసిన ఆ ఖాళీ రోడ్డుమీద కాళీమాత గుడి నుంచి జలాంతర్గామి దాకా నడిచాం. టీయూ-142 దగ్గర ఆగి, తోకవైపు చెయ్యి చూపించి "మనం అక్కడ కూర్చున్నామా?" అని అడిగింది.

వచ్చే వేసవికి మళ్లీ వెళ్లాలి. ఈసారి ఏ350 ఉన్న దారిలో టికెట్లు చూస్తున్నాం. నిన్న రాత్రి షాపు కట్టేసి వచ్చేసరికి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, నేను తెరిచి వదిలేసిన సీట్ల పటం మీద వేలు పెట్టి ఉంది. "ఏమండీ, ఈ వరుస బాగానే ఉంది, కానీ దీని ముందు గోడ ఉన్నట్టుంది. బ్యాగు ఎక్కడ పెట్టుకోవాలి?" అంది. నేను కళ్లజోడు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.